వేరు తెలిస్తే మాట మరుపు రాదు

తెలుగు మీడియంలో పదో తరగతి, ఇంటర్ మంచి మార్కులతో గట్టెక్కి, నర్సింగ్‌లోనో, పారామెడికల్ కోర్సులోనో, డిగ్రీలోనో చేరే పిల్లలు మన సంఘాల్లో ఏటా ఎంతోమంది ఉంటారు. చేరిన మొదటి నెలల్లో వాళ్లను ఎక్కువగా కుంగదీసేవి పాఠంలోని ఇంగ్లిషు మాటలే. ఒక్కో పేజీలో పదిహేను, ఇరవై కొత్త మాటలు తగులుతాయి. నోటుబుక్కులో ఎడమ పక్క ఇంగ్లిషు మాట, కుడి పక్క తెలుగు అర్థం రాసుకుని రాత్రంతా బట్టీ పడతారు. పరీక్ష నాటికి సగం చెదిరిపోతాయి. "నాకు బుర్ర లేదు" అనుకుని కొందరు చదువే మానేసి ఇంటికి వచ్చేస్తారు. వాళ్లకు లోపించింది బుర్ర కాదు, దారి చూపే మనిషి.

2022-23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిషు మీడియం ప్రవేశపెట్టారు. కాలేజీలో ఎదురయ్యే కష్టం ఇప్పుడు చిన్న వయసులోనే ఎదురవుతోంది. "మాకే ఇంగ్లిషు రాదు, పిల్లలకు ఏం చెప్పగలం?" అని తల్లిదండ్రులు వెనక్కి తగ్గుతున్నారు. నిజానికి తెలుగు బాగా తెలిసిన అమ్మానాన్నలు, తాతయ్యలు, నాయనమ్మలు ఈ విషయంలో ఎంతో సాయం చేయగలరు. అది ఎలాగో చెప్పడానికే ఈ వ్యాసం.

ఇంగ్లిషు మాటల్లో సగానికి పైగా లాటిన్ నుంచి వచ్చినవి. కొన్ని నేరుగా వచ్చాయి, మరికొన్ని ఫ్రెంచి ద్వారా వచ్చాయి. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక రాజాస్థానంలోకి, న్యాయస్థానాల్లోకి ఫ్రెంచి మాటలు ప్రవేశించాయి. ఆ ఫ్రెంచి లాటిన్‌కు పుట్టిన బిడ్డే. ఆరాధనలో, చదువులో అప్పటికే లాటిన్ ఉంది. అందుకే ఇంగ్లిషులోని పెద్ద మాటలు చాలావరకు ముక్కలుగా విడిపోతాయి. మధ్యలో ఒక వేరు ఉంటుంది, ముందో వెనుకో చిన్న తోక ఉంటుంది. ఒక్క వేరు తెలిస్తే పది మాటలు చేతికొస్తాయి.

పత్తర్‌గట్టి నేర్పే పాఠం

ఈ సంగతి అర్థం కావాలంటే హైదరాబాద్ పాతబస్తీలోని పత్తర్‌గట్టికి మించిన చోటు లేదు. మదీనా నుంచి చార్మినార్ వైపు వెళ్లే దారిలో, రెండు పక్కలా రాతి కమానుల వరస కింద దుకాణాలుంటాయి. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచేసిన తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఆ రాతి వరసను కట్టించింది. బట్టలు, ముత్యాలు, అత్తరు కొనడానికి మనవాళ్లు కూడా అక్కడికి వెళ్తుంటారు. దుకాణాల బోర్డుల మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు పక్కపక్కనే కనిపిస్తాయి. మూడు లిపులు వేరు. కానీ ఆ వీధిలోని మాటలను తవ్వి చూస్తే వేళ్లు ఒకదానికొకటి తగులుతాయి.

పత్తర్ అంటే రాయి. గ్రీకులో బండరాయిని పెత్రా అంటారు. లాటిన్ ఆ మాటను తీసుకుంది. యేసు ప్రభువు సీమోనుకు పెట్టిన కేఫా అనే పేరుకు గ్రీకు రూపమే పేతురు (యోహాను 1:42). ఆ పెత్రాకు నూనె అనే అర్థం ఉన్న ఓలియం చేరితే పెట్రోలియం, అంటే రాతినూనె. బంకులో పోయించుకునే పెట్రోలులోను, పేతురు పేరులోను ఉన్న రాయి ఒక్కటే. రాయికి లాటిన్‌లో లాపిస్ అని మరో మాట ఉంది. రాళ్లు చెదిరి పాడుబడిన కట్టడాన్ని ఇంగ్లిషులో డిలాపిడేటెడ్ అంటారు. రత్నాలకు సాన పట్టేవాణ్ని ల్యాపిడరీ అంటారు.

పత్తర్‌గట్టి దాటి చార్మినార్ వైపు నడిస్తే మచ్లీ కమాన్ వస్తుంది. చార్ కమాన్ అనే నాలుగు కమానుల్లో అది ఒకటి. కమాన్ అంటే పారసీకంలో విల్లు. విల్లులా వంగి ఉంటుంది కాబట్టి ద్వారానికి కూడా ఆ పేరు వచ్చింది. లాటిన్ మాట ఆర్కస్ కూడా సరిగ్గా ఇంతే. దానికి విల్లు అనీ అర్థం, వంపు ద్వారం అనీ అర్థం. ఆర్చ్, లెక్కల పుస్తకంలోని ఆర్క్, విలుకాడు అనే ఆర్చర్, కమానుల వరస అనే ఆర్కేడ్, అన్నీ ఆర్కస్ పిల్లలే. ఇక చార్ అంటే నాలుగు. సంస్కృతంలో చతుర్, లాటిన్‌లో క్వాత్తువోర్. నాలుగో వంతును క్వార్టర్ అనడం అందుకే.

ముత్యాల సంగతి చూడండి. గ్రీకులో, లాటిన్‌లో ముత్యాన్ని మార్గరీతా అంటారు. మన సంఘాల్లో మార్గరెట్ అనే పేరున్న అక్కలు, అమ్మమ్మలు చాలామందే ఉన్నారు. ఆ పేరుకు అర్థం ముత్యం. మత్తయి 13వ అధ్యాయంలో వర్తకుడు అమూల్యమైన ముత్యం కోసం ఉన్నదంతా అమ్మేసిన ఉపమానం లాటిన్ బైబిలులో చదివితే అక్కడ కనిపించేది ఈ మాటే.

వేరు నుంచి మాటల కుటుంబం పుట్టడం ఉర్దూ మాట్లాడే మన ఇరుగుపొరుగు వారికి బాగా తెలుసు. ఉర్దూలోకి వచ్చిన అరబ్బీ మాటలు ఎక్కువగా మూడు హల్లుల వేరు మీద నిలబడతాయి. జమ అనే మాట మనమూ రోజూ వాడతాం. బ్యాంకులో జమ చేశాం అంటాం, జమాఖర్చులు రాస్తాం. ఆ వేరుకు చేర్చడం, కూర్చడం అని అర్థం. అందరూ కూడే శుక్రవారం జుమ్మా. కూడిన జనం జమాత్. విద్యను ఒక చోట కూర్చిన విశ్వవిద్యాలయం జామియా. కితాబు, రాసేవాడు కాతిబ్, చిన్నపిల్లల బడి మక్తబ్, గ్రంథాలయం కుతుబ్‌ఖానా, ఇవన్నీ రాయడం అనే ఒకే వేరు నుంచి వచ్చాయి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలైనప్పుడు, అంతకు ముందే 1917లో ఏర్పడిన అనువాద విభాగం పాఠ్యపుస్తకాలకు కావలసిన కొత్త మాటలను ఇలాంటి వేళ్ల నుంచే కల్పించింది. 1906లో హైదరాబాదులో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి పుస్తకాల కాలం నుంచి తెలుగులో శాస్త్ర విషయాలు రాసేవారు సంస్కృత ధాతువులను ఆశ్రయించారు. ఇంగ్లిషు వారు లాటిన్ దగ్గరకు వెళ్లారు. పద్ధతి మాత్రం అందరిదీ ఒక్కటే.

మన ఇంట్లోనే ఉన్న పద్ధతి

తెలుగులో ఒకే వస్తువుకు రెండు మాటలుండడం మనకు అలవాటే. ఇంట్లో పన్ను అంటాం, డాక్టరు బోర్డు మీద దంత వైద్యం అని చదువుతాం. కన్ను అంటాం, నేత్ర చికిత్స అంటాం. నీళ్లు తాగుతాం, కానీ ఆనకట్ట వెనుక నిలిచిన నీటిని జలాశయం అంటాం. ఇంటి మాట అచ్చతెలుగు, బోర్డు మీది మాట సంస్కృతం. ఇంగ్లిషులోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. ఇంట్లో టూత్, ఆసుపత్రిలో డెంటల్. ఇంట్లో ఐ, ఆసుపత్రిలో ఆక్యులర్. ఇంట్లో హ్యాండ్, పనిచోట మాన్యువల్. ఇంటి మాట పాత ఇంగ్లిషుది, పుస్తకం మాట లాటిన్‌ది. ఈ ఒక్క సంగతి చెబితే పిల్లల భయం సగం పోతుంది. ఇంగ్లిషు రెండు అంతస్తుల ఇల్లు, మన తెలుగూ అంతే.

ఇప్పుడు హారం అనే ముక్కను తీసుకోండి. దాని ముందు చిన్న ముక్క మారుతుంటే అర్థం మారిపోతుంది. ఆహారం, విహారం, సంహారం, పరిహారం, ప్రహారం. ముందు చేరే ఆ ముక్కను ఉపసర్గ అంటాం. ఇక లాటిన్ మాట పోర్టారే తీసుకోండి. మోయడం, తీసుకుపోవడం అని అర్థం. లోపలికి తెస్తే ఇంపోర్ట్, బయటికి పంపితే ఎక్స్‌పోర్ట్, ఆ చోటి నుంచి ఈ చోటికి చేరిస్తే ట్రాన్స్‌పోర్ట్, తిరిగి మోసుకొచ్చిన కబురు రిపోర్ట్, కింద నుంచి మోస్తే సపోర్ట్, దేశం నుంచి పంపేస్తే డిపోర్ట్. రైల్వే స్టేషనులో సామాను మోసే మనిషి పోర్టర్. ఏడు మాటలకు ఒకే వేరు. ఇం, ఎక్స్, ట్రాన్స్, రి, సబ్, డి అనే ఉపసర్గలు నేర్చుకుంటే అవే మరో వంద మాటల ముందు కనిపిస్తాయి.

ఇంకా ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. అంతర్జాతీయ అనే మాటను విడదీస్తే అంతర్, జాతి, ఈయ. ఇంటర్నేషనల్‌ను విడదీస్తే ఇంటర్, నేషన్, అల్. అంతర్, ఇంటర్ అనేవి పుట్టుకతోనే బంధువులు. జాతి అనే మాట పుట్టడం అనే అర్థమున్న జన్ ధాతువు నుంచి వచ్చింది. నేషన్ కూడా పుట్టడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచే వచ్చింది. ఆ రెండు ధాతువుల మూలం ఒకటే. ఏ ముక్కకు ఆ ముక్క సరిపోతుంది.

ఈ బంధుత్వం గురించి 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ చేసిన ప్రసంగం ప్రసిద్ధం. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే తల్లి బిడ్డలై ఉండాలని ఆయన అన్నాడు. మన తెలుగు ఆ కుటుంబానిది కాదు. తెలుగు, తమిళం, కన్నడం వేరే కుటుంబమని 1816లో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ చూపించాడు. 1856లో మిషనరీ రాబర్ట్ కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో దాన్ని విస్తరించి రాశాడు. కాబట్టి తల్లి, తండ్రి, పన్ను, కన్ను అనే మన సొంత మాటలకు లాటిన్‌తో చుట్టరికం లేదు. తెలుగు అరువు తెచ్చుకున్న మాతృ, పితృ, దంత, పాద, నామ, నవ అనే సంస్కృత మాటలకు ఉంది. లాటిన్‌లో అవి మాతెర్, పాతెర్, డెంట్, పెడ్, నోమెన్, నోవుస్. వాటి నుంచే మెటర్నల్, పెటర్నల్, డెంటిస్ట్, పెడల్, నామినేషన్, నావెల్టీ వచ్చాయి.

చిన్నపిల్లలకు నెలల పేర్లతో మొదలుపెట్టవచ్చు. సప్త, అష్ట, నవ, దశ. సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్, డిసెంబర్. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. మరి సెప్టెంబరు తొమ్మిదో నెల కదా అని పిల్లలు అడుగుతారు. అడగాలి కూడా. పూర్వం రోమీయుల సంవత్సరం మార్చితో మొదలయ్యేది. అక్కడి నుంచి లెక్కపెడితే సెప్టెంబరు ఏడోదే అవుతుంది.

మందుల చీటీలో లాటిన్

ఇదంతా చదువుకునే పిల్లలకే అనుకోవద్దు. ఇంట్లో బి.పి., షుగరు మందులు వాడే పెద్దలున్న ప్రతి కుటుంబం చేతిలోనూ లాటిన్ ఉంది. డాక్టరు చీటీ పైన ఆర్, ఎక్స్ కలిసినట్టుండే గుర్తు ఒకటి ఉంటుంది. అది రెసిపే అనే లాటిన్ మాటకు గుర్తు. తీసుకో అని దాని అర్థం. వంటల రెసిపీ కూడా అదే మాట.

మందు పేరు పక్కన బి.డి. అని ఉంటే బిస్ ఇన్ డియే, అంటే రోజుకు రెండుసార్లు. టి.డి.ఎస్. అంటే రోజుకు మూడుసార్లు. ఓ.డి. అంటే రోజుకు ఒకసారి. హెచ్.ఎస్. అంటే హోరా సోమ్నీ, నిద్రపోయే వేళ. ఆ సోమ్నీ మన స్వప్నానికి దగ్గరి చుట్టం. నిద్ర పట్టని జబ్బును ఇన్‌సోమ్నియా అనడం కూడా అందుకే. ఏ.సి. అంటే ఆంటే కీబుమ్, భోజనానికి ముందు. పి.సి. అంటే పోస్ట్ కీబుమ్, భోజనం తర్వాత. గడియారంలో ఏ.ఎం., పి.ఎం. కూడా ఇవే ముక్కలు. ఆంటే మెరిడియెమ్ అంటే మధ్యాహ్నానికి ముందు, పోస్ట్ మెరిడియెమ్ అంటే మధ్యాహ్నం తర్వాత. ఎస్.ఓ.ఎస్. అని రాస్తే కంగారు పడనక్కరలేదు. చీటీలో అది సీ ఓపుస్ సిట్ అనే మాటలకు పొట్టి రూపం. అవసరమైతేనే వేసుకోండి అని అర్థం. రోజూ వేసుకోవలసిన మాత్ర, అవసరమైతేనే వేసుకోవలసిన మాత్ర కలగలిసిపోతే ప్రమాదం. ఏ మాత్రం సందేహమున్నా ఫార్మసిస్టునో, డాక్టరునో అడిగే తీరాలి. కానీ ఏమని అడగాలో తెలియడం కూడా ఒక రక్షణే.

షుగరున్న వారు హైపో, హైపర్ అనే మాటలు తరచుగా వింటారు. వినడానికి ఒకేలా ఉన్నా అర్థాలు ఎదురెదురు. ఇవి గ్రీకు ముక్కలు. హైపో అంటే కింద, హైపర్ అంటే పైన. సంస్కృతంలోని ఉప, ఉపరి వీటికి తోబుట్టువులు. లాటిన్‌లోని సబ్, సూపర్ కూడా అంతే. ఉపరితలం అంటే పైభాగం అని తెలిసిన అమ్మమ్మకు హైపర్ అంటే పైకి పోయిందని గుర్తుంటుంది. హైపోగ్లైసీమియా అంటే రక్తంలో చక్కెర పడిపోయింది. హైపర్‌గ్లైసీమియా అంటే పెరిగిపోయింది. ఒకదానికి వెంటనే తీపి ఇవ్వాలి, రెండోదానికి ఇస్తే కీడు. నర్సింగ్ చదివే అమ్మాయికి ఈ రెండు ముక్కలు మార్కుల కంటే ఎక్కువ. ఆమె చేతిలో ఉన్నది రోగి ప్రాణం. ఇంట్రా అంటే లోపల, ఇంటర్ అంటే మధ్య. ఇంట్రావీనస్ అంటే సిరలోపల. ప్రీ, ఆంటే అంటే ముందు. పోస్ట్ అంటే తర్వాత. ఇలాంటి ఇరవై ముక్కలు చేతిలో ఉంటే వైద్య పుస్తకం గోడలా కనిపించదు.

మందిరంలో వినే మాటలు

యేసు ప్రభువు సిలువ పైన పెట్టిన పలక హెబ్రీ, లాటిన్, గ్రీకు భాషల్లో రాసి ఉందని యోహాను 19:20 చెబుతుంది. మన తెలుగు బైబిలు లాటిన్‌ను రోమా భాష అంటుంది. కథోలిక దేవాలయాల్లో సిలువ మీద కనిపించే ఐ, ఎన్, ఆర్, ఐ అనే నాలుగు అక్షరాలు ఆ లాటిన్ మాటల మొదటి అక్షరాలే. నాలుగో శతాబ్దం చివర పోపు దమాసుస్ కోరిక మీద జెరోమ్ మొదలుపెట్టిన లాటిన్ బైబిలు, పడమటి సంఘం చేతిలో వెయ్యేళ్లకు పైగా నిలిచింది. ఇంగ్లిషు బైబిలులోని పెద్ద మాటలు ఎన్నో దాని నుంచి దిగివచ్చినవే. అందుకే మన ఆరాధన మాటల పక్కన లాటిన్ వేళ్లను పెడితే అద్దంలో చూసుకున్నట్టుంటుంది.

స్క్రీబేరే అంటే రాయడం. రాయబడినది స్క్రిప్చర్. లిఖ్ అంటే రాయడం. రాయబడినది లేఖనం. చేతిరాత మాన్యుస్క్రిప్ట్. డాక్టరు ముందుగా రాసిచ్చేది ప్రిస్క్రిప్షన్. పత్రికకు చందా కడుతూ కింద సంతకం చేస్తే సబ్‌స్క్రిప్షన్.

వెనీరే అంటే రావడం. క్రిస్మస్ ముందటి నాలుగు వారాలు అడ్వెంట్, అంటే ఆగమనం. అందరూ కలిసి వస్తే కన్వెన్షన్, అంటే సమాగమం. వెనీరే, గమ్ అనే ధాతువులు కూడా ఒకే మూలం నుంచి పుట్టినవే. బయటపడి వచ్చినది ఈవెంట్. మధ్యలో వచ్చి కలగజేసుకుంటే ఇంటర్‌వెన్షన్.

రిసరెక్షన్ అంటే మళ్లీ లేవడం. పునరుత్థానం అన్నా మళ్లీ పైకి లేచి నిలవడమే. ట్రినిటీకి మూలం ముగ్గురు, త్రిత్వానికీ అదే మూలం. ఇన్‌కార్నేషన్‌లో ఉన్న కార్న్ అంటే మాంసం, శరీరం. మాంసం తినే జంతువును కార్నివోర్ అనడం అందుకే. రిడీమ్ అంటే తిరిగి కొనడం. విమోచన క్రయధనం అనే మాటలో కొనుగోలు ఎందుకుందో దీనితో తెలుస్తుంది. శాంక్టిఫై, గ్లోరిఫై, జస్టిఫై అనే మాటల చివర ఉన్న ఫై, ఫాకేరే అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. చేయడం అని అర్థం. తెలుగులో పరిశుద్ధపరచు, మహిమపరచు అనేటప్పుడు వచ్చే పరచు చేసే పని అదే. ఫ్యాక్టరీ కూడా ఆ ఇంటిదే.

మనుషుల పేర్లు మరీ గమనించదగ్గవి. పాస్టర్ అంటే మేపేవాడు, కాపరి. పశువులు మేసే చోటు పాశ్చర్. కాంగ్రిగేషన్‌లో ఉన్న గ్రెగ్ అంటే మంద. కాంగ్రిగేషన్ అంటే కూడిన మంద. మందలో చేర్చి లెక్కకడితే అగ్రిగేట్. మంద నుంచి వేరు చేస్తే సెగ్రిగేట్. మిషనరీ అంటే పంపబడినవాడు. గ్రీకు మాట అపొస్తలుడికీ అదే అర్థం. పర్మిషన్, అడ్మిషన్, మిసైల్, ట్రాన్స్‌మిషన్, అన్నీ పంపడం అనే వేరువే. ఇక మినిస్టర్ అంటే సేవకుడు. తక్కువ అనే అర్థమున్న మైనస్ దానికి బంధువు. కారులో వచ్చే మినిస్టరు గారికీ, వేదిక మీద కూర్చునే మినిస్టరు గారికీ ఆ పేరు గుర్తు చేయవలసిన సంగతి అదే.

మదీనా దగ్గర మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టు భవనం చూడండి. అక్కడ వాదించే అడ్వొకేట్ అంటే పక్కకు పిలవబడినవాడు. పరిశుద్ధాత్మకు యోహాను సువార్త వాడిన పారాక్లేతోస్ అనే గ్రీకు మాటకు కూడా సరిగ్గా ఆ అర్థమే. 1 యోహాను 2:1లో మన తెలుగు బైబిలు దాన్ని ఉత్తరవాది అంది. అడ్వొకేట్‌లో ఉన్న వోక్ అంటే పిలవడం. దాని మూలంలో ఉన్నది వోక్స్, స్వరం. మన వాక్కు, వచనం, వాక్యం దాని చుట్టాలు. మాటల పట్టిక అనే అర్థంలో వాడే వొకాబ్యులరీ కూడా ఆ కుటుంబంలోనిదే.

వేరు పట్టుకుని దారి తప్పవద్దు

ఈ పద్ధతిలో మూడు జాగ్రత్తలు అవసరం. బోధకులకు మరీ అవసరం.

ఒకటి, ఒకేలా వినబడిన ప్రతి ముక్కా ఒకే వేరు కాదు. ఆర్చిబిషప్‌లో ఉన్న ఆర్చ్‌కు కమానుతో సంబంధం లేదు. అది ముఖ్యుడు అనే అర్థమున్న గ్రీకు మాట. పాస్‌పోర్టులో ఉన్న పోర్టు ఓడరేవు, మోయడం కాదు. క్రూసిఫైలో ఉన్న ఫై, చేయడం అనే ఫాకేరే కాదు. బిగించడం అనే ఫిగేరే. ఫిక్స్ అనే మాట దాని నుంచే వచ్చింది. అందుకే ఊహించాక నిఘంటువు తెరిచి సరిచూసుకోవాలి. వేరు ఊహకు దారి చూపుతుంది, తీర్పు మాత్రం నిఘంటువుదే.

రెండు, మాట వయసు పెరిగేకొద్దీ అర్థం మారుతుంది. ప్రివెంట్‌ను విడదీస్తే ముందు రావడం. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు 1 థెస్సలొనీకయులకు 4:15లో ఆ మాటను ఆ అర్థంలోనే వాడింది. ఈనాటి ఇంగ్లిషులో దానికి అడ్డుకోవడం అని అర్థం. పాత బైబిలు చేతపట్టి కొత్త అర్థంతో చదివితే వాక్యం తలకిందులవుతుంది. మాన్యుఫ్యాక్చర్ అంటే చేత్తో చేయడం, కానీ ఇప్పుడు చేసేది యంత్రం.

మూడు, కథ బాగుందని నమ్మకూడదు. సిన్సియర్ అంటే మైనం లేని అని, విరిగిన విగ్రహాలకు మైనం పూసి అమ్మే శిల్పులకు ఎదురుగా ఆ మాట పుట్టిందని ప్రసంగాల్లో తరచుగా వింటాం. భాషా పండితులు ఆ కథను ఒప్పుకోరు. రోమా 1:16లో శక్తి అనే చోట గ్రీకు మాట డునామిస్ కాబట్టి సువార్త డైనమైటు అని చెప్పడం మరొకటి. డైనమైటుకు ఆల్ఫ్రెడ్ నోబెల్ ఆ పేరు పెట్టింది 1867లో. పౌలు మనసులో పేలుడు మందు ఉండే అవకాశం లేదు. సంఘం మనల్ని నమ్మి వింటుంది. కాబట్టి మాట మూలం చెప్పేటప్పుడు సరిచూసుకుని చెప్పడం మన బాధ్యత.

వారానికి ఒక వేరు

ఇంట్లో ఏం చేయవచ్చు? ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొనండి. వారానికి ఒక పేజీ, పేజీకి ఒక వేరు. పైన లాటిన్ వేరు, దాని పక్కన అర్థం తెలుగులో. కింద ఆ వేరు నుంచి వచ్చిన ఇంగ్లిషు మాటలు అయిదారు, ఒక్కో దానికి పిల్లలే సొంతంగా రాసిన ఒక వాక్యం. చివర దానికి సరిపోయే తెలుగు మాట ఏదైనా ఉంటే పెద్దవాళ్లు చెప్పాలి. అమ్మకు ఇంగ్లిషు రాకపోయినా ఆహారం, విహారం, సంహారం తెలుసు. ఆ పాఠానికి ఆమే టీచరు.

మొదటి పది వారాలకు ఈ వేళ్లు సరిపోతాయి. పోర్ట్, మోయడం. స్క్రిప్ట్, రాయడం. మిస్, పంపడం. వెన్, రావడం. వోక్, పిలవడం. ఫాక్, చేయడం. విడ్ లేదా విజ్, చూడడం. విజన్, వీడియో, ప్రొవిజన్ అందులోవి. మన విద్య దానికి బంధువు. డిక్ట్, చెప్పడం. డిక్షనరీ, ప్రిడిక్ట్, కాంట్రడిక్ట్ అందులోవి. డక్ట్, నడిపించడం. కండక్టర్, ప్రొడక్ట్, ఎడ్యుకేషన్ అందులోవి. స్టా, నిలవడం. స్టేషన్, స్టేబుల్, స్టేటస్ అందులోవి. మన స్థానం, స్థితి, స్థిరం పక్కనే రాసుకోవచ్చు. పది వారాలు దాటేసరికి పిల్లలు పేపరులో కొత్త మాట కనిపిస్తే దాన్ని వాళ్లంతట వాళ్లే విడదీయడం మొదలుపెడతారు.

సంఘంలో ఏం చేయవచ్చు? రిటైరైన టీచర్లు, అనుభవమున్న నర్సులు, ఫార్మసిస్టులు లేని సంఘం అరుదు. ఆదివారం ఆరాధన ముగిశాక అరగంట, కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలను కూర్చోబెట్టుకుని వాళ్ల పాఠ్యపుస్తకంలోని ఒక్క పేజీ విప్పి చెబితే చాలు. ఫీజు లేదు, పరికరాలు అక్కరలేదు. ఆ పక్కనే మరో బల్ల వేసి పెద్దవాళ్ల మందుల చీటీలు చదివిపెట్టవచ్చు. ఊరి నుంచి వచ్చి హాస్టలులో ఒంటరిగా బట్టీ పడుతున్న పిల్లకు తనను అడిగేవారు ఉన్నారని తెలుస్తుంది. సగంలో చదువు మానేసే పిల్లల్లో ఒక్కరైనా నిలబడితే ఆ అరగంట వ్యర్థం కాదు.

మన తాతల తరంలో ఎందరో అక్షరాలు నేర్చుకున్నది సంఘం పెట్టిన బడిలోనే. ఈనాటి పిల్లలకు అక్షరాలు వచ్చు. వాళ్లకు అడ్డుపడుతున్నది పెద్ద పెద్ద మాటలు. ఆ మాటలను ముక్కలు చేసి చేతిలో పెట్టే పని ఈ తరం సంఘానిది. వచ్చే ఆదివారమే ఒక వేరుతో మొదలుపెట్టండి.